ఎదురు కిటికీలో చెయ్యి

సోమవారం

డ్యూటీ దిగే ముందు కెమెరా బండికి నాలుగు ముక్కలు చెప్పాలి. చెప్పకపోతే దానికి తాళం పడదు. "ఏం చెప్పినా ఫరవాలేదమ్మా, ఎవరూ వినరు" అని ట్రెయినింగులోనే చెప్పేశారు. మొదట్లో "అంతా బాగానే ఉంది" అని ముగించేదాన్ని. ఇప్పుడు తాళం పడ్డాక కూడా వాగుతూనే ఉంటున్నాను. రోజు మొత్తం మీద నేను నోరు విప్పేది దీని ముందే మరి.

విను బండీ. ఇవాళ వంపుసందు ఫొటోలు తీశాం. నిలువూరులో ఇన్ని వందల సందులున్నాయి కానీ ఇది మన సందు. నా గది కిటికీ దీంట్లోకే తెరుచుకుంటుంది. రెండు వైపులా మేడలు, తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. సందు నడిమధ్యలో మోచెయ్యిలా వంగుతుంది కాబట్టి రెండు పాయలు. అటు పెద్దపాయ, ఇటు చిన్నపాయ. వంపు దగ్గర నేలలో ఇత్తడి మేకు దిగ్గొట్టి ఉంది. బండిని సరిగ్గా దాని మీద నిలబెట్టి, ఒకసారి అటు తిప్పి, ఒకసారి ఇటు తిప్పి రెండు ఫొటోలు తియ్యాలి. గోడలు నిటారుగా రావాలి. కాస్త వాలినా బోర్డువాళ్ళు తిప్పికొడతారు.

తీసే ముందు గంట కొట్టాలి. చెప్పకుండా మనిషిని ఫొటో తియ్యకూడదని చట్టం. గంట మోగాక కూడా ఎదురుగా నిలబడి ఉన్నవాళ్ళు ఒప్పుకున్నట్టే. బాగానే ఉంది, కానీ నిలబడేదెవరు? ఒకప్పుడు ఈ ఫొటోలు చూసే ఫైన్లు వేసేవారట. సందులో దండెం కడితే ఫైను, పొయ్యి పెడితే ఫైను, కుర్చీ వేసుకుని కూర్చుంటే ఫైను. ఆ ఫైన్లు ఎత్తేసి చాలా ఏళ్ళయింది. భయాన్ని మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. నా గంట వినపడగానే దండేలు ఊడతాయి, మూకుళ్ళు దిగుతాయి, పిల్లలు చంకలెక్కుతారు. బండి తోసుకుంటూ నేను వచ్చేసరికి సందు కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది.

నన్ను గంటమ్మ అంటారు. పిల్లల్ని అన్నం తినమని బెదిరించడానికి కూడా నా పేరు వాడుతున్నారని ఈమధ్యే తెలిసింది.

ఎప్పుడైనా ఫొటో చివర్లో లోపలికి పోతున్న మోచెయ్యో, చీర చెంగో పడుతుంది. అప్పుడు బండి అడుగుతుంది: "ఫ్రేములో మనిషి. ఉంచాలా, తీసెయ్యాలా?" తీసెయ్ అంటాను. అది ఆ ముక్క తుడిచి అక్కడ గోడ పూస్తుంది. ఎందుకు తీసెయ్యమంటానంటే, అది ఒప్పుకుని నిలబడ్డ మనిషి కాదు, పారిపోలేకపోయిన మనిషి.

నిజం చెప్పొద్దూ, ఖాళీ సందు ఫొటోలో ఎంతో బాగుంటుంది. కిటికీ మీద కిటికీ, గొట్టం పక్కన గొట్టం, ప్రతి కిటికీ కింద తుప్పు చార. ఎండ వెళ్ళిపోయాక వచ్చే మెత్తటి వెలుతురులో ఆ చారలు కూడా ముగ్గుల్లా కనిపిస్తాయి. నాకు ఇష్టం. తీసి, చూసుకుని, "అబ్బ, ఎంత బాగా వచ్చిందో" అని పక్కకి తిరుగుతాను. పక్కన నువ్వుంటావు.

గదికొచ్చేసరికి ఎదురు కిటికీలో చెయ్యి కుండీకి నీళ్ళు పోస్తోంది. ఈ ఊళ్ళో నాకు తెలిసిన మనిషంటే ఆ చెయ్యొకటే.


మంగళవారం

చెయ్యి సంగతి పూర్తిగా చెప్పలేదు కదూ.

చిన్నపాయలో నా కిటికీకి ఎదురుగా ఇంకో మేడ కిటికీ ఉంది. నేనూ అక్కడుండే ఆవిడా చేతులు చాపితే వేళ్ళు తగుల్తాయి. కానీ ఆ కిటికీకి ఏటవాలు రేకు ఉంది, లోపల మొహం కనబడదు. కనబడేది చెయ్యి. గాజులుండవు. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. పొద్దునా సాయంత్రమూ చెంబుతో మరువం కుండీకి నీళ్ళు పోస్తుంది, మధ్యాహ్నం ఎండ పడే వైపుకి కుండీ తిప్పుతుంది, గంట మోగితే కుండీని లోపలికి లాగేసుకుంటుంది.

పలకరించొచ్చు కదా అంటావు. ఏమని? "చెయ్యిగారూ, బాగున్నారా" అనా? వెళ్ళి తలుపు తడదామంటే ఆ మేడ తలుపు ఎక్కడో అవతలి బజారులో ఉంది. ఈ మేడ దిగి, మూడు వంతెనలు దాటి, పాసు చూపించి, రెండు లిఫ్టులు మారాలి. కిటికీకి కిటికీ బారెడు, తలుపుకి తలుపు సగం పూట. ఈ ఊరు కట్టినవాళ్ళ తెలివి అలాంటిది. తలుపు తీసి "ఎవరు మీరు" అంటే "మీ చేతిని రోజూ చూసేదాన్ని" అని చెప్పడానికి నాకు సిగ్గు.

మరువం వాసన మాత్రం నా గదిలోకి వస్తుంది. అది చాలనుకుంటూ వచ్చాను.


గురువారం

కొంప మునిగింది బండీ.

సందు మొగలో నోటీసు అంటించారు. "వంపుసందు వాడుకలో లేదు. ఫొటోల ప్రకారం మనుషుల సంచారం సున్నా. కావున గదులతో నింపబడును."

సున్నా ఏంటి నా మొహం! మధ్యాహ్నం ఎండ నేల దాకా దిగే ఆ కాసేపూ పెద్దపాయలో కాలు పెట్టే చోటుండదు. వడియాలు, దుప్పట్లు, చంటిపిల్లలకి నూనె రాసి ఎండలో పడుకోబెట్టే తల్లులు, చిట్టెబ్బాయి క్షవరం కుర్చీ, పల్లాలమ్మ బజ్జీల మూకుడు. అన్నీ నా కిటికీలోంచి వినబడతాయి. వినబడతాయి అంతే, నేను కిందికి దిగితే ఉండవు.

నింపుడు బోర్డులో హైమావతిగారికి ఫోను చేశాను. ఆవిడ మంచావిడ, అదే చిక్కు. చెడ్డదైతే నాలుగు తిట్టేదాన్ని.

"మీరు తీసినవేనండీ, నూకరత్నంగారూ" అంది. "ఎంత శుభ్రంగా ఉన్నాయో! కొత్తవాళ్ళకి మీ ఫొటోలే చూపిస్తున్నాం."

"అమ్మా, గంట కొడితే అందరూ లోపలికి పోతారండి. అందుకని ఖాళీ. సందు ఖాళీ కాదండి."

"అయ్యుండొచ్చు. కానీ ఫొటోలో ఉన్నదే కదండీ లెక్క. మీరు చెప్పారని నేను మార్చేస్తే రేపు ప్రతివాళ్ళూ చెప్తారు. పడవల్లో ఎంతమంది గది కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారో మీకు తెలియనిది కాదు."

తెలుసు. నేనూ ఆ పడవల్లోంచి ఎక్కినదాన్నే. మా లంకని సముద్రం మింగేశాక అమ్మా నేనూ నీళ్ళలో దిగిన నిలువూరు స్తంభాల దగ్గర పడవలో ఏళ్ళకేళ్ళు ఉన్నాం. గది వచ్చేసరికి నేను ఒక్కదాన్నే మిగిలాను. నాకొచ్చిన గది కూడా ఒకప్పుడు ఎవరి సందో. అందుకని గట్టిగా కోప్పడ్డానికి కూడా నోరు రాలేదు.

"అభ్యంతరం చెప్పుకునే వీలుందండి" అంది ఆవిడే. "ఒక ఫొటో. వచ్చే నెల మొదటి ఆదివారం, మధ్యాహ్నం. గంట మామూలుగా కొట్టాలి. దాంట్లో మనుషులు ఎంత మేర కనిపిస్తే అంత మేర సందు ఉంచుతారు."

ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చున్నాను. చెయ్యి వచ్చి కుండీ తిప్పింది. నోటీసు తనకి తెలుసో లేదో. ఈ సందు నింపితే మా ఇద్దరి మధ్యా ఒక గది లేస్తుంది. నాకు గోడ మిగుల్తుంది.


శనివారం

ఇల్లిల్లూ తిరిగాను. బండి లేకుండా, గంట లేకుండా. మొహం గుర్తుపట్టలేదు చాలామంది. గంటమ్మనని చెప్పగానే తలుపులు మూశారు.

పల్లాలమ్మ మాత్రం మూకుడు ముందు నుంచి కదల్లేదు. పెద్దావిడ, లావుపాటి మనిషి, కళ్ళజోడుకి దారం.

"అయితే ఏటంటావమ్మాయ్? గంట కొట్టాక మమ్మల్ని నిలబడమంటావు. ఫొటోలో పడమంటావు. తర్వాత ఫైను చీటీ వస్తే నువ్వు కడతావా?"

"ఫైన్లు ఎప్పుడో తీసేశారు కదా పిన్నిగారూ."

"తీసేశారని ఎవరు చెప్పేరు?"

"బోర్డువాళ్ళు."

"ఆయ్, మరి సందు ఖాళీగా ఉందని ఎవరు చెప్పేరు? ఆళ్ళే కదా." మూకుడులో నాలుగు బజ్జీలు వేసింది. "ఆళ్ళ మాట ఒకటి నమ్మమంటావు, ఒకటి నమ్మొద్దంటావు. ఎలాగమ్మా నీతో?"

చిట్టెబ్బాయి కత్తెర ఆపి వింటున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, అతని కుర్చీకి చక్రాలున్నాయి, గంట మోగితే తోసుకుపోవడానికి.

"మా నాన్న దగ్గర్నించీ ఈ చక్రాలేనండి" అన్నాడు. "ఓపాలి గిరాకీతో సహా తోసుకెళ్ళిపోయేడంట. ఆ గిరాకీ భయపడి సగం మీసంతోనే ఉద్యోగానికెళ్ళిపోయేడంట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనుషుల మధ్య నవ్వి ఎన్నాళ్ళయిందో, నా నవ్వు నాకే కొత్తగా వినబడింది. వెంటనే అందరూ ఆపేశారు. గంటమ్మ నవ్వుతుందని వాళ్ళకి తెలియదు కాబోలు.

"సందు పోతే ఎండ పోద్ది పిన్నిగారూ" అన్నాను. "వడియాలు గదిలో ఎండవు."

పల్లాలమ్మ ఒక బజ్జీ కాగితంలో పెట్టి నా చేతిలో పెట్టింది. "మంగళారం ఓసారి గంట కొట్టి చూడు. నిలబడతామో లేదో చూద్దాం."


మంగళవారం

పరువు పోయింది. నాది కాదు, వాళ్ళది.

అందరూ ప్రమాణాలు చేశారు. పల్లాలమ్మ అయితే నడుం మీద చేతులు పెట్టుకుని "ఎవరు కదుల్తారో చూస్తాను" అని నిలబడింది. నేను మేకు మీద బండి పెట్టి గంట కొట్టాను.

కన్ను మూసి తెరిచేలోపు సందులో పురుగు లేదు!

దండేలు లేవు. పిల్లలు లేరు. మూకుడు లేదు, పల్లాలమ్మ కూడా లేదు. చిట్టెబ్బాయి కుర్చీ చక్రాల చప్పుడు ఏదో తలుపు వెనకాల ఆగింది. అంత పెద్ద సందులో నేనూ, నువ్వూ, ఎవరిదో ఎడమకాలి చెప్పూ.

కాసేపటికి ఒక తలుపు సందులోంచి పల్లాలమ్మ తల బయటికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. "కాళ్ళు ఆటంతటవే వచ్చేసేయమ్మా. ఒట్టు. నేను రమ్మన్లేదు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్ళు నన్ను అసహ్యించుకుని లోపలికి పోవడం లేదు. నా వైపు చూడనుకూడా చూడరు. గంటకీ కాళ్ళకీ మధ్య ఏదో తీగ ఉంది, అది తాతల కాలంలో ఎవరో కట్టారు. ఇన్నేళ్ళూ నేను ప్రతి సందులో ఆ తీగనే లాగుతున్నాను.


శుక్రవారం

ఉపాయం తట్టింది. తెలివైనదేం కాదు, మొండిది.

గంట బండి నుంచి ఊడదీసి చేత పట్టుకున్నాను. పొద్దున టమాటాలు కొనడానికి దిగి, గంట కొట్టాను. అందరూ పారిపోయారు. నేను టమాటాల బుట్ట ముందు నిలబడి "పావు కిలో ఇస్తారా లేదా" అని ఖాళీ సందుని అడిగాను. కాసేపటికి ఒక చెయ్యి తలుపు సందులోంచి వచ్చి తూకం వేసింది. నీళ్ళ కుళాయి దగ్గర గంట కొట్టాను. పల్లాలమ్మ దగ్గర టీ తాగుతూ కొట్టాను. కొట్టి ఊరుకున్నాను. ఫొటో తియ్యలేదు, ఏమీ చెయ్యలేదు.

మధ్యాహ్నం హైమావతిగారు ఫోను. "అదేపనిగా గంట మోగుతోందని రిపోర్టు వచ్చిందండీ, నూకరత్నంగారూ."

"గంట పరీక్ష చేస్తున్నానండి. సరిగ్గా మోగడం లేదని అనుమానం."

"ఇప్పుడు కూడా వినపడుతోందండి."

"అదేనండి, ఇంకా అనుమానం తీరలేదు."


బుధవారం

పిల్లలకి ముందు భయం పోయింది. వాళ్ళే గంట లాక్కుని కొడుతున్నారు. పొద్దున ఒక చంటిది గంట చప్పుడుకి నిద్రపోయింది, వాళ్ళమ్మ నన్ను ఇంకాసేపు కొట్టమంది.

ఇవాళ చిట్టెబ్బాయి గంట మోగాక కూడా గిరాకీకి చెవి వెనకాల గొరుగుతూనే ఉన్నాడు. కత్తి మాత్రం కాస్త పక్కకి జరిగింది. "చెవి జాగర్త" అని గిరాకీ అరిచాడు. కోత పూర్తయ్యాక చిట్టెబ్బాయి కుర్చీకున్న చక్రాలు నాలుగూ ఊడదీసి పల్లాలమ్మ పొయ్యి పక్కన పడేశాడు.

"ఇంక పోదామన్నా పోలేనండి" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టి జుట్టు కత్తిరించాడు. చాలా ఏళ్ళుగా నా జుట్టు నేనే కత్తిరించుకుంటున్నాను, అద్దంలో చూస్తూ, వంకరగా. నా తల ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వెంట్రుకలు పడ్డాయన్నాను.

కానీ బండీ, అసలు సంగతి వేరే ఉంది. పొద్దున బోర్డుకి ఫోను చేసి, ఆ ఒక్క ఫొటోకి వెడల్పు లెన్సు వాడతానని అడిగాను. వంపు దగ్గర నిలబడి రెండు పాయలూ ఒకేసారి పట్టేద్దామని నా ఆలోచన.

"కుదరదండీ" అంది హైమావతిగారు. "వెడల్పు లెన్సులో గోడలు వంగిపోతాయి, మిషను తీసుకోదు. మేకు మీద నుంచి ఏదో ఒక వైపే. ఫొటోలో పడని పాయ నింపేస్తారు. ఎటు తీస్తారో మీ ఇష్టం."

పెద్దపాయలో అందరూ ఉన్నారు. చిన్నపాయలో ఉన్నవి గుడ్డి గోడలు, మురుగు గొట్టాలు, రెండు కిటికీలు. ఒకటి నాది.


గురువారం

పల్లాలమ్మే కనిపెట్టింది. మేకు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి, "బండి ఇటు తిప్పితే నీ కిటికీ ఎటుంటదే?" అంది. నిన్నటి నుంచి నన్ను ఏమే అంటోంది.

"వెనకాల."

"మరి?"

"మరేముంది. ఒకే ఫొటో."

"చిన్నపాయలోకి జనాన్ని పంపిస్తే?" అంది.

"అప్పుడు పెద్దపాయ పోద్ది పిన్నీ. ఇక్కడ ఎన్ని కిటికీలున్నాయో చూడు."

తలెత్తి చూసింది. నేనూ చూశాను. ఆ కిటికీలన్నిట్నీ ఏళ్ళ తరబడి ఫొటో తీశాను, ఏది ఎవరిదో నిన్నా మొన్నా తెలిసింది. ఆ నీలం రేకు చంటిపిల్ల తల్లిది. ఆ వంగిన ఊచలు టమాటాలావిడవి. తెలియకముందైతే బండిని చిన్నపాయకి తిప్పేసేదాన్నేమో. తెలిశాక ఎలా తిప్పను?

పల్లాలమ్మ బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది. మామూలు కంటే బరువుగా ఉంది.

ఎదురింటి చేతికి చెప్పకుండా ఎలా? ఎండ దిగే వేళకి కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్నాను. చెయ్యి వచ్చి కుండీ పట్టుకుంది.

"వినండి" అన్నాను. "నేను ఎదురు కిటికీ మనిషిని. ఆదివారం ఫొటో ఉంది. పెద్దపాయలో ఎంతమంది మనుషులు నిలబడితే అంత మంచిది. ఆ పాయ మిగుల్తుంది. మన కిటికీలు మాత్రం అందులో పడవండి. మన పాయ నింపేస్తారు. నేనే అటు తీస్తున్నాను. ముందుగా చెప్పాలనిపించింది."

చెయ్యి కుండీ మీద అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా కుండీ తిప్పి లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందేమో. రాదా మరి? నాకైతే వచ్చేది.

ఆ పూట బజ్జీలు తినబుద్ధి కాలేదు.


ఆదివారం

తీశాను.

ఎండ నేలని తాకగానే గంట కొట్టాను. ఒక చప్పుడు, రెండు, మూడు.

ఎవరూ కదల్లేదు.

దండేల మీద దుప్పట్లు ఊగుతున్నాయి. వడియాల చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. పల్లాలమ్మ గరిటె పట్టుకుని సైనికుడిలా నిలబడింది. చిట్టెబ్బాయి గిరాకీ సగం గడ్డం నురగతో నా వైపే చూస్తున్నాడు. కిటికీల్లో తలలు, తలల మీద తలలు. ఇన్ని కళ్ళు నన్ను చూడడం ఇదే మొదటిసారి. గోడలు నిటారుగా ఉన్నాయో లేదో చూడ్డం మర్చిపోయి, తర్వాత చూసుకుని, నొక్కాను.

"అయిపోయిందా?" అని పల్లాలమ్మ కదలకుండా పెదాలతో అడిగింది.

"అయిపోయింది."

సందంతా ఒక్కసారి గోల. ఎవరో ఈల వేశారు. నన్ను ఎవరో కౌగిలించుకున్నారు, ఎవరో చూడలేదు. నీ తెర మీద ఫొటో పెద్దది చేశాను. నువ్వు మనిషి మనిషికీ గుండ్రం గీసుకుంటూ పోతున్నావు. ఆ గుండ్రాల వెంటే నేనూ పోయాను. కుళాయి గోడ దగ్గర ఒకావిడ. మొహం ఎప్పుడూ చూడలేదు. గుండెలకి ఆనించి మరువం కుండీ పట్టుకుంది. మణికట్టు మీద తేలు.

నేను ఎవరో ముసలావిడ అనుకునేదాన్ని. కాదు. నా ఈడుదే. కాస్త ముందుకొచ్చిన పళ్ళు, నవ్వాలా వద్దా అన్నట్టు మొహం.

తలెత్తి కుళాయి వైపు పరుగెత్తాను. జనం. తోసుకుని వెళ్ళేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. కుండీ అడుగు తడి మాత్రం నేల మీద గుండ్రంగా ఉంది.


సోమవారం, మూడు వారాల తర్వాత

తీర్పు పోయిన వారమే వచ్చింది. పెద్దపాయ ఉంటుంది. చిన్నపాయ నింపుతారు. సందులో పల్లాలమ్మ అందరికీ బజ్జీలు పంచి, నాకు ఇస్తూ ఏడ్చింది. "ఊరుకో పిన్నీ, నూనెలో పడతాయి" అన్నాను.

కిటికీ పోయేవాళ్ళు వేరే గది అడగొచ్చు. నాలా ఉద్యోగంతో పాటు గది వచ్చినవాళ్ళకి ఆ వీలు లేదు. నా గది నాకే.

ఇవాళ మధ్యాహ్నం రేకు చప్పుడైంది. చెయ్యి బయటికి వచ్చింది, కుండీతో. ఈసారి తిప్పలేదు. నా వైపు చాపింది.

"పట్టుకోండి" అంది గొంతు. బొంగురు గొంతు. "నాకు తూర్పు మేడల్లో గదిచ్చేరండి. అక్కడి లిఫ్టుల్లో మొక్కలు ఎక్కనివ్వరంట."

రెండు చేతులూ చాపి కుండీ అందుకున్నాను. వేళ్ళు తగిలాయి. వదిలెయ్యకుండా కాసేపు అలాగే పట్టుకున్నాం, మధ్యలో కుండీ.

"ఫొటోకి ఎందుకొచ్చారండీ?" అన్నాను. "మన కిటికీలు దాంట్లో పడవని చెప్పాను కదా."

"మనుషులు కావాలన్నారు కదండీ మీరు. నేనూ మనిషినే కదా."

"మీ పేరు?" అన్నాను.

"లోవలక్ష్మి. మీరు గంటమ్మగారని తెలుసండి. గంట మోగినప్పుడల్లా కుండీ లోపలికి లాగేదాన్ని. మీ ఫొటో పాడైపోద్దేమోనని."

"నా పేరు నూకరత్నం" అన్నాను. ఈ ఊళ్ళో నా పేరు నేనుగా ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

"నీళ్ళు ఎక్కువ పొయ్యకండి నూకరత్నంగారూ. ఏరు కుళ్ళిపోద్ది." చెయ్యి వెనక్కి వెళ్ళింది. రేకు దిగింది.


శనివారం

నెల తిరిగేసరికి గోడ వచ్చేసింది. కిటికీ తీస్తే ఎదురుగా బూడిదరంగు సిమెంటు, చెయ్యి పెడితే చల్లగా ఉంది. అవతల కొత్త గదిలో పడవల్లోంచి వచ్చినవాళ్ళు దిగారు. చంటిపిల్ల ఏడుపు వినపడుతుంది. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఎవరో మేకు కొడుతున్నారు, ఏదో పటం పెట్టుకోవడానికి. మేమూ గది రాగానే ముందు మేకే కొడదామనుకున్నాం, అమ్మా నేనూ.

మరువం గదిలో బతకదు. పెద్దపాయలో చిట్టెబ్బాయి కుర్చీ పక్కన పెట్టాను. రోజూ దిగి తిప్పి వస్తున్నాను. దిగినప్పుడు కబుర్లు చెప్తారు, కూర్చోమంటారు. కూర్చుంటాను. బాగుంటుంది. మళ్ళీ పైకి వస్తాను, కిటికీ వైపు చూస్తాను. ఆ తర్వాత నీ దగ్గరికి వస్తాను.


బుధవారం

ఇవాళ తూర్పు మేడలు.

ఎంత పెద్ద మేడల గుంపు! వంపుసందు దాని ముందు బొమ్మరిల్లు. కిటికీలు పైకి పోతూ పోతూ చుక్కలైపోతాయి. పాస్‌ల దగ్గరే పొద్దు సగం అయింది. లోవలక్ష్మి గది ఏ మేడలోనో, ఏ అంతస్తులోనో నాకు తెలియదు. అడగలేదు అప్పుడు. అడగాలని గోడ లేచాక గుర్తొచ్చింది. నా బుద్ధి ఎప్పుడూ అంతే, లిఫ్టు వెళ్ళాక మీట నొక్కుతుంది.

మేకు వెతికి బండి నిలబెట్టాను. మనుషులు సందు నిండా ఉన్నారు. గంట కొట్టాను.

ఎప్పటిలాగే దండేలు ఊడాయి. చాపలు చుట్టుకుపోయాయి. తలుపులు వరసగా మూసుకున్నాయి. ఇక్కడివాళ్ళకి నేనెవరో తెలియదు, గంట తెలుసు. గోడలు నిటారుగా చూసుకుని, ఖాళీ కిటికీల వరసల మీద కన్ను వేసి, నొక్కాను.

నీ తెర మీద ఒకే ఒక్క గుండ్రం పడింది. చాలా పైన, ఎడమ వైపు. పెద్దది చేశాను. కిటికీ అంచు మీద ఒక చెయ్యి. ఖాళీ చెయ్యి, అరచెయ్యి బయటికి చాపి. లోపలికి పోతున్న చెయ్యి కాదు, నిలబెట్టిన చెయ్యి. మణికట్టు మీద తేలు.

తల పైకెత్తాను. అంత దూరాన కంటికి ఏమీ ఆనలేదు. అయినా నా చెయ్యి కూడా ఎత్తి అలాగే నిలబడ్డాను, అందరూ తలుపు సందుల్లోంచి చూస్తున్నారని తెలిసీ.

నువ్వు అడిగావు: "ఫ్రేములో మనిషి. ఉంచాలా, తీసెయ్యాలా?"

ఉంచు అన్నాను.